వార్తాహరుని ఎంపిక

మానవుడు సంఘజీవి. తన మనసులోని మాటను మరొకరికి చేరవేయాలన్న ఆరాటం అతనికి పుట్టుకతోనే వచ్చింది. మన ప్రాచీన సాహిత్యం ఆ ఆరాటానికి పెద్దపీట వేసింది. నల దమయంతుల నడుమ హంస రాయబారం నడిపింది. అశోకవనంలో శోకమూర్తియై ఉన్న సీతకు హనుమంతుడు రాముని క్షేమవార్తను అందించాడు. పాండవుల పక్షాన శ్రీకృష్ణుడు కౌరవసభలో అడుగుపెట్టాడు. దూతను పంపడం మన పెద్దల దృష్టిలో చిన్న విషయం కాదు. గమ్యాన్ని చేరగల సమర్థత ఉన్నదా, చెప్పవలసిన మాటను చెప్పవలసిన వేళకు చెప్పగలడా, నమ్మదగినవాడా అని విచారించి మరీ పంపేవారు. రాజనీతి గ్రంథాలు దూత లక్షణాలను ప్రత్యేకంగా పేర్కొన్నది అందుకే.

నేడు ప్రతి మనిషి చేతిలోనూ ఒక దూత ఉన్నాడు. అతడే సెల్‌ఫోను. ఆ దూతను నడిపించేది సెల్‌ఫోను సేవలందించే సంస్థ. ఒకప్పుడు రాజులు చేసిన ఎంపికను ఇప్పుడు కూరగాయలమ్మే అవ్వ సైతం చేయవలసి వస్తున్నది. అయితే వంకాయలను గిల్లి చూసి కొనేవారు కూడా ఈ ఎంపికలో ఆ పాటి జాగ్రత్త చూపడం లేదు. పక్కింటివారు తీసుకున్నారనో, గోడమీది ప్రకటన బాగున్నదనో, సిమ్‌కార్డు ఉచితంగా ఇచ్చారనో తీసుకుంటున్నారు. ముందుగా డబ్బు చెల్లించి వాడుకొనే ప్రీపెయిడ్ పద్ధతిలో తక్కువ ఖర్చుతో గడుపుకోదలచిన పేదలకు ఈ అజాగ్రత్త వలన కలిగే నష్టం సామాన్యమైనది కాదు.

ఈ విషయం ఎంత లోతైనదో తెలియాలంటే హైదరాబాదు పాతబస్తీని పరిశీలించడం చాలు. చార్మినారు పక్కనే ఉన్న లాడ్‌బజారు లక్క గాజులకు ప్రసిద్ధి. ఆ గాజులకు రాళ్ళు అతికే పనిని ఎందరో స్త్రీలు తమ ఇళ్ళలోనే కూర్చొని చేస్తారు. చీరలకు, దుస్తులకు జర్దోజీ పని చేసే కుటుంబాలు మరెన్నో ఉన్నాయి. దుకాణదారుడు ఫోను చేస్తేనే వారికి సరకు వస్తుంది. సరకు వస్తేనే కూలి వస్తుంది. ఆటో నడిపేవారు, మేస్త్రీలు, పెళ్ళిళ్ళలో వంటలు చేసేవారు, రంగులు వేసేవారు అందరూ ఫోను పిలుపు కోసం ఎదురుచూసేవారే. వారికి ఫోను సంఖ్యయే దుకాణం, అదే నామఫలకం. ఇక బార్కస్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా వంటి ప్రాంతాలలో కొడుకో భర్తో గల్ఫ్ దేశాలలో పనిచేస్తున్న ఇళ్ళు అనేకం. సముద్రాల ఆవలి నుంచి వచ్చే ఆ గొంతు కోసం రోజంతా ఎదురుచూసే తల్లులకు ఫోను విలాస వస్తువు కాదు. రీఛార్జి గడువు ముగిసి ఫోను మూగబోయిన నాడు ఆ ఇంటికి కూలీ అందదు, కుశలవార్తా అందదు.

ఈ దూత మన దేశానికి వచ్చిన తొలినాళ్ళలో సామాన్యునికి దగ్గరలో లేడు. 1995 జూలై 31న నాటి పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడడంతో దేశంలో సెల్‌ఫోను సేవలు ఆరంభమయ్యాయి. ఆ రోజులలో నిమిషం మాట్లాడితే దాదాపు 16 రూపాయలు. పిలిచినవాడే కాదు, పిలుపు అందుకున్నవాడూ డబ్బు చెల్లించవలసి వచ్చేది. 1997లో భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ 'ట్రాయ్' ఏర్పడింది. 2002 అక్టోబరులో ప్రభుత్వరంగ సంస్థ బి.ఎస్.ఎన్.ఎల్. సెల్‌ఫోను సేవలలో అడుగుపెట్టింది. 2003లో రిలయన్స్ సంస్థ 501 రూపాయల తొలి చెల్లింపుతో ఫోనును చేతికిచ్చింది. అదే ఏడాది మే 1 నుంచి వచ్చే కాల్స్ ఉచితమయ్యాయి. ఈ చివరి మార్పు పేదల పాలిట వరమైంది. పది రూపాయల రీఛార్జి చేయించుకొని, అవసరమైనప్పుడు 'మిస్డ్ కాల్' ఇచ్చి, అవతలివారి పిలుపుతో పని నెరవేర్చుకొనే ఉపాయాన్ని జనం తామే కనిపెట్టుకున్నారు.

ఆ తరువాత పోటీ పెరిగింది. 2005 చివరలో 'జీవితకాలం' చెల్లుబాటయ్యే పథకాలు వచ్చాయి. 2009లో టాటా డొకోమో సెకనుకు ఒక పైసా చొప్పున లెక్కకట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. పదిహేను సెకన్లు మాట్లాడినవాడు నిమిషానికంతటికీ డబ్బు చెల్లించనక్కరలేదని దానితో జనానికి తెలిసివచ్చింది. 2016 సెప్టెంబరు 5న జియో రంగప్రవేశంతో మాటకు విడిగా ధర లేకుండా పోయింది. ఇంటర్నెట్టు చౌక అయింది. అయితే ఈ పోటీలోనే ఎన్నో సంస్థలు కనుమరుగయ్యాయి. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసింది. అదే ఏడాది టెలినార్ సంస్థ ఎయిర్‌టెల్‌లో విలీనమైంది. వొడాఫోన్, ఐడియా ఒక్కటయ్యాయి. 2019లో టాటా వినియోగదారులు ఎయిర్‌టెల్ పరమయ్యారు. ఒకప్పుడు పది పన్నెండు పేర్లు కనిపించిన అంగడిలో ఇప్పుడు హైదరాబాదు వాసి ముందు జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, బి.ఎస్.ఎన్.ఎల్. అనే నాలుగు పేర్లే మిగిలాయి. ఎంపికకు అవకాశం తగ్గినప్పుడు ఎంపికలో వివేకం పెరగాలి. ఈ వ్యాసం చెప్పదలచినది ప్రధానంగా ఇదే.

'జీవితకాలం' అన్న మాటకు పట్టిన గతిని గమనిస్తే ప్రకటనలలోని మాటలను ఎంతవరకు నమ్మాలో బోధపడుతుంది. 2018 చివరలో ప్రైవేటు సంస్థలు కనీస రీఛార్జి నిబంధనను తెచ్చాయి. 28 రోజులకు 35 రూపాయలు చెల్లిస్తేనే ఫోను పనిచేస్తుందన్నాయి. దానితో వచ్చే కాల్స్ మీద మాత్రమే ఆధారపడిన కోట్లాది పేదల ఫోన్లకు నెలసరి అద్దె ఏర్పడినట్లయింది. ఆ 35 రూపాయలు అక్కడితో ఆగలేదు. 2019, 2021, 2024 సంవత్సరాలలో ధరలు పెరిగాయి. 2024 జూలైలో ఎయిర్‌టెల్ 28 రోజుల కనిష్ఠ పథకం ధర 199 రూపాయలకు చేరింది.

ఇక్కడ 28 రోజులు అన్న మాటను సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. దానిని నెల అనుకొంటారు. కాని ఏడాదికి పన్నెండు నెలలైనా, 28 రోజుల లెక్కన పదమూడు రీఛార్జులు అవసరమవుతాయి. అనగా వినియోగదారుడు ఏడాదికి పదమూడు నెలల రుసుము చెల్లిస్తున్నాడు. ఈ విషయంపై విమర్శలు వచ్చిన మీదట 2022 జనవరిలో ట్రాయ్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి సంస్థా 30 రోజుల గడువు గల పథకాన్ని, ప్రతి నెలా అదే తేదీన పునరుద్ధరించుకోగల పథకాన్ని కనీసం ఒక్కొక్కటి చొప్పున అందుబాటులో ఉంచాలని ఆ ఉత్తర్వు సారాంశం. కాని అటువంటి పథకం ఉన్నదని దుకాణదారుడు తనంత తానుగా చెప్పడు. అడిగినవారికే అది లభిస్తుంది.

మరొక లెక్క ఇంతకంటె ముఖ్యమైనది. 2024 డిసెంబరు 23న ట్రాయ్ తన నిబంధనలను సవరించి, ఇంటర్నెట్టు అక్కరలేనివారి కోసం మాటలకు, సంక్షిప్త సందేశాలకు మాత్రమే పరిమితమైన పథకాలను ప్రవేశపెట్టాలని ఆదేశించింది. వాటి గడువును 365 రోజుల వరకు పెంచుకొనే వెసులుబాటు కూడా ఇచ్చింది. తదనుగుణంగా 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 84 రోజులకు 469 రూపాయలు, 365 రోజులకు 1849 రూపాయల పథకాలను తెచ్చింది. జియో 84 రోజులకు 448 రూపాయల పథకాన్ని తెచ్చింది. ఈ అంకెలు మారుతూ ఉంటాయి. లెక్కకట్టే పద్ధతి మాత్రం మారదు. 199 రూపాయల పథకంతో ఏడాది గడిపితే పదమూడు మార్లకు 2587 రూపాయలవుతుంది. ఏడాది పథకానికి 1849 రూపాయలే. మొదటి దానిలో కొద్దిపాటి ఇంటర్నెట్టు ఉన్న మాట నిజమే. కాని పాత మీటల ఫోనుతో మాట్లాడడమే తప్ప మరొకటి ఎరుగని వృద్ధురాలికి ఆ ఇంటర్నెట్టు దేనికి? ఆమె తనకు అక్కరలేని వస్తువు కోసం ఏటా 738 రూపాయలు ఎక్కువ చెల్లిస్తున్నదన్నమాట.

అయితే ఆమె అజ్ఞానం వలననే అలా చేస్తున్నదనడం అన్యాయం. ఒకేసారి 1849 రూపాయలు తీయగల స్థోమత ఆమెకు లేదు. ఉన్నవాడు మూటలుగా కొని తక్కువ చెల్లిస్తాడు. లేనివాడు పొట్లాలుగా కొని ఎక్కువ చెల్లిస్తాడు. బియ్యం విషయంలో ఎప్పటినుంచో ఉన్న ఈ విషాదం ఇప్పుడు మాటల విషయంలోనూ ప్రవేశించింది. పది రూపాయల రీఛార్జిలో పన్ను, ఇతర రుసుములు పోగా చేతికి వచ్చే టాక్‌టైమ్ 7 రూపాయల 47 పైసలే. చిల్లర కొనుగోలులో పేదవాడు ఎంత నష్టపోతాడో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. దీనికి విరుగుడు కూడా పేదల జీవితంలోనే ఉన్నది. పాతబస్తీలోని స్త్రీలకు చీటీలు కట్టుకొనే అలవాటు కొత్త కాదు. రోజుకు ఆరు రూపాయలు విడిగా దాచుకోగలిగితే 84 రోజులకు 504 రూపాయలవుతాయి. పైన చెప్పిన దీర్ఘకాల పథకం ఆ సొమ్ములోనే వస్తుంది.

ధర ఒక్కటే చూసి ఎంచుకోవడమూ తప్పే. దూత ఎంత తక్కువ జీతానికి వచ్చినా గమ్యం చేరలేకపోతే ప్రయోజనం లేదు. పాతబస్తీలోని ఇళ్ళు, వీధులు ఈ విషయంలో ప్రత్యేకమైనవి. డంగుసున్నంతో కట్టిన మందపాటి గోడలు, ఒకదానినొకటి ఒరుసుకొని నిలిచిన మేడలు, మనిషి వెంట మనిషి నడవవలసిన సందులు సిగ్నలుకు అడ్డంకులు. తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు గోడలను దాటి లోపలికి రాగలవు. ఎక్కువ పౌనఃపున్యం గలవి అంతగా రాలేవు. కనుక పత్తర్‌గట్టి రోడ్డు మీద చక్కగా పనిచేసే ఫోను, మొఘల్‌పురా సందులోని లోపలి గదిలో మూగబోవచ్చు. సంస్థ పేరు దేశమంతటా మారుమ్రోగినంత మాత్రాన ఆ గదిలో అది మ్రోగుతుందన్న నమ్మకం లేదు. అందువలన కొత్త సంస్థకు మారే ముందు, ఆ సంస్థ సిమ్‌కార్డు ఉన్న బంధువునో మిత్రునో ఇంటికి పిలిచి, వంటగదిలో, పనిచేసే చోట, రాత్రివేళ మాట్లాడించి చూడడం ఉత్తమం. ఖర్చులేని ఈ పరీక్ష ఏ ప్రకటన కంటెనూ నమ్మదగినది.

చేతిలోని ఫోను ఎటువంటిదో చూసుకోవడం తరువాతి మెట్టు. జియో సంస్థకు 2జీ వ్యవస్థ లేదు. పాత 2జీ ఫోనులో ఆ సిమ్‌కార్డు పనిచేయదు. రీఛార్జిలో యాభై రూపాయలు మిగులుతాయని ఆశపడి మారినవాడు కొత్త ఫోను కోసం వెయ్యి రూపాయలు వెచ్చించవలసి వస్తే అది పొదుపు అనిపించుకోదు. బి.ఎస్.ఎన్.ఎల్. విషయం వేరొక విధం. 2024 జూలైలో ప్రైవేటు సంస్థలు ధరలు పెంచినప్పుడు అది పెంచలేదు. లక్షలాది వినియోగదారులు దాని వైపు మొగ్గారు. అప్పటికి దాని 4జీ సేవలు పూర్తిగా విస్తరించలేదు. 2025 సెప్టెంబరు 27న దాని స్వదేశీ 4జీ వ్యవస్థను జాతికి అంకితం చేశారు. తక్కువ ధర, తన వీధిలో అందే సేవ అనే రెండింటినీ తూచి చూసుకోవలసిన బాధ్యత వినియోగదారునిదే.

ఒకే ఇంట్లోని అందరికీ ఒకే పథకం సరిపోతుందనుకోవడం మరొక పొరపాటు. కాలేజీలో చదివే విద్యార్థికి పాఠాల కోసం ఇంటర్నెట్టు కావాలి. ఆటో నడిపే తండ్రికి బేరాలు ఫోను ద్వారానే వస్తాయి గనుక రోజంతా ఇంటర్నెట్టు తెగిపోకూడదు. ఇంటిపట్టున ఉండే నాయనమ్మకు పిలుపు వినబడితే చాలు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు కుటుంబంతో మాట్లాడడానికి ఇంటర్నెట్టు మార్గం అనుకూలమే. కాని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ మాటల సౌకర్యంపై ఆంక్షలున్నాయి. అక్కడివారితో మాట్లాడే ఇంట్లో అంతర్జాతీయ కాల్స్ ధరలను కూడా విచారించక తప్పదు. ముగ్గురి అవసరాలు మూడు విధాలైనప్పుడు మూడు వేరువేరు పథకాలు తీసుకోవడమే నిజమైన పొదుపు.

సంఖ్యను కాపాడుకోవడం వీటన్నిటికంటె ముఖ్యం. నేడు బ్యాంకు ఖాతా, ఆధారు, గ్యాసు కనెక్షను అన్నీ ఆ పది అంకెలతో ముడివడి ఉన్నాయి. 2013లో ట్రాయ్ చేసిన నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ సంఖ్యను 90 రోజులు ఏ విధంగానూ వాడకపోతేనే రద్దు చేయాలి. అప్పటికీ ఖాతాలో 20 రూపాయలు ఉంటే వాటిని తీసుకొని మరో 30 రోజులు కొనసాగించాలి. గల్ఫ్‌కు వెళ్ళేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అయితే సంఖ్య రద్దు కాకుండా ఉండడం వేరు, దానికి పిలుపు అందడం వేరు. రద్దయిన సంఖ్య కొంతకాలానికి అపరిచితుని చేతికి చేరుతుంది. బ్యాంకు పంపే రహస్య సంకేతం కూడా అతనికే చేరే ప్రమాదం ఉంటుంది.

సంస్థను మార్చాలంటే సంఖ్యను వదులుకోనక్కరలేదు. 2010 నవంబరు 25న హర్యానాలో ఆరంభమైన 'నంబరు పోర్టబిలిటీ' 2011 జనవరి 20న దేశమంతటా అమలులోకి వచ్చింది. ఆంగ్లంలో 'పోర్ట్' అని వ్రాసి, ఖాళీ విడిచి, తన పది అంకెల సంఖ్యను చేర్చి 1900కు సందేశం పంపితే ఒక సంకేతం వస్తుంది. ఆ సంకేతంతో, గుర్తింపు పత్రంతో కొత్త సంస్థ వద్దకు వెళ్ళాలి. పాత సంస్థలో కనీసం 90 రోజులు పూర్తయి ఉండాలి. 2019 డిసెంబరులో మార్చిన నియమాల ప్రకారం ఒకే టెలికాం సర్కిల్‌లోనైతే మూడు పనిదినాలలో మార్పు పూర్తికావాలి. 2014లో రాష్ట్రం రెండైనా, ఈ లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఒకే సర్కిల్. మార్పుతో పాత రీఛార్జిలోని గడువు, మిగిలిన సొమ్ము పోతాయి కనుక గడువు ముగిసే వేళకు మారడం తెలివైన పని. రోడ్డు పక్కన గొడుగు కింద సిమ్‌కార్డులమ్మే చోట వేలిముద్రను అవసరానికి మించి వేయరాదు. ఒకరి వేలిముద్రతో వారికి తెలియకుండా మరొక సిమ్‌కార్డును చెలామణి చేసే మోసాలు జరుగుతున్నాయి. తన పేరిట ఎన్ని కనెక్షన్లున్నాయో కేంద్రప్రభుత్వ 'సంచార్ సాథీ' ద్వారా చూసుకోవచ్చు.

సంస్థల వాదనలోనూ కొంత న్యాయం లేకపోలేదు. తరంగాల హక్కుల కోసం అవి ప్రభుత్వానికి వేలకోట్లు చెల్లించాయి. టవర్లు, తీగలు, విద్యుత్తు ఉచితంగా రావు. నష్టాలలో కూరుకుపోయిన సంస్థ సేవలు అందించలేదు. నిమిషానికి 16 రూపాయల కాలంతో పోలిస్తే నేటి ధరలు అత్యల్పమన్నది కాదనలేని సత్యం. కాని ధర తగ్గడం వేరు, గుమ్మం ఎత్తు పెరగడం వేరు. ఎక్కువగా వాడేవానికి మాట చౌక అయింది. తక్కువగా వాడేవానికి తలుపు తెరిపించుకొనే ఖర్చే పెరిగింది. పిలుపు వినబడడం కోసమే ఫోను ఉంచుకొన్నవారికి స్వల్ప రుసుముతో, దీర్ఘకాల గడువుతో ఒక పథకం తప్పనిసరిగా ఉండాలి. పథకాల నియమాలు ఆంగ్లంలోని చిన్న అక్షరాలలో కాక తెలుగులో, ఉర్దూలో స్పష్టంగా దుకాణం ముందు కనబడాలి. ఇది సంస్థలు చూపవలసిన దయ కాదు; ట్రాయ్ నిలబెట్టవలసిన న్యాయం.

ఆ న్యాయం జరిగే వరకు విద్యావంతులైన యువతీయువకులు చేయగల పని ఒకటున్నది. ఇంట్లో, వీధిలో ఉన్న పెద్దల ఫోన్లను ఒక్కసారి తీసి చూడాలి. ఏ పథకం నడుస్తున్నది, రోజుకు ఎంత పడుతున్నది, అందులో అక్కరకు వచ్చేది ఎంత అని లెక్కకట్టి వారికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. భాగహారం తెలిసిన ఏ విద్యార్థికైనా ఇది పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు గాజులకు రాళ్ళు అతికే ఒక తల్లికి ఏడాదికి కొన్ని రోజుల కూలిని మిగులుస్తాయి. చదువుకు ఇంతకంటె సార్థకత ఏమి కావాలి? దూత ఎవరైనా కావచ్చు. పంపేవాడు మాత్రం కళ్ళు తెరుచుకొని ఉండాలి.